హర్తాళ పద విచారము: సూరతు నగరపు పన్నుల పోరాటముల సాక్ష్యము

తెలుగు పత్రికలలో "హర్తాళు", "బందు", "సమ్మె" అను మూడు మాటలును ఒకదానికి బదులొకటి వాడబడుచున్నవి. పని నిలుపుట అను సామాన్యార్థము మూడింటికిని ఉండుటచే ఈ కలయిక సహజమే. కాని వీని మూలార్థముల నరసినచో నడుమ గల భేదము స్పష్టమగును. సమ్మె పనివాని మాట. అతడు తన చేతిని నిలుపును. బందు పారసీకమునుండి వచ్చినది. కట్టుటను, మూయుటను తెలుపును. హర్తాళు అంగడివాని మాట. అతడు తన దుకాణమునకు తాళము వేయును. ఈ మూడవ మాట చరిత్రను చెప్పునపుడు గుజరాతునందలి సూరతు నగరమును విడిచి చెప్పుటకు వీలులేదు. పన్నులు పెరిగి బ్రదుకు భారమైనపుడు ఆ నగరము పలుమాఱులు అంగళ్ళు మూసి వీథికెక్కినది. ఆనాటి దొరతనమువారి కాగితములు ఈ సంఘటనలను "అల్లరులు" అని వ్యవహరించినవి. ప్రజల భాష వేఱొక పేరు పెట్టినది. ఈ రెండు పేరులలో ఏది వాస్తవమునకు సమీపమైనదో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. పదస్వరూపము

సంస్కృతమున "హట్టము" అనగా అంగడి, సంత. "తాలకము" అనగా తాళము. ఈ రెండును కలసి హిందీలో "హడ్‌తాల్" అనియు, గుజరాతీలో "హడతాళ్" అనియు నిలిచినవి. తెలుగు రూపమున రెండు విశేషములు కలవు. మొదటిది డకారమునకు బదులు రేఫము. తెలుగునకు డకారము లేనిది కాదు. పదము గుజరాతీనుండి నేరుగా చెవినిబడి వచ్చియుండినచో "హడతాళు" అని నిలువవలసియుండెను. ఉత్తరాది భాషలలో అచ్చుల నడుమ పలుకు డకారమును ఆంగ్లలిపిలో రేఫచిహ్నముతో వ్రాయుట వాడుక. కావున ఈ పదము ఆంగ్ల పత్రికల వ్రాతమూలమున మనకు వచ్చినదని ఊహింపవచ్చును. రెండవది ళకారము. ఆంగ్లలిపికి లకార ళకారముల భేదము లేదు. హిందీలో నున్నది లకారమే. అయినను తెలుగున "హర్తాలు" అని కాక "హర్తాళు" అని నిలుచుటకు మన "తాళము" అను మాట తోడ్పడియుండునని తోచుచున్నది. అరువు తెచ్చిన మాటలో తెలుగువాడు తన ఇంటి తాళమును గుర్తించినాడన్నమాట. "హరితాలము" అను పచ్చని ఖనిజమునకును దీనికిని ధ్వనిసామ్యమే గాని సంబంధము లేదు.

ఈ పదము దేశమంతట వ్యాపించుటకు 1919వ సంవత్సరము ముఖ్యకారణము. ఆ మార్చిలో మద్రాసునందు రాజగోపాలాచారి గారితో నుండగా గాంధీ మహాత్మునకు రౌలటు చట్టమునకు ప్రతిగా దేశమంతయు ఒకనాడు హర్తాళు జరుపవలెనను సంకల్పము కలిగెను. మొదట మార్చి 30, పిమ్మట ఏప్రిల్ 6 దినముగ నిర్ణయించిరి. గుజరాతు వర్తకుల నగరములలో తరతరములుగ నడచిన ఆచారము నాడు జాతీయ ఆయుధమాయెను.

2. మహాజనము

తాళము వేయువాడు ఒక్కడు కాడు. ఒక్కడు మూసిన అంగడి మూతబడిన అంగడియే. అందఱును మూసినదే హర్తాళు. అందఱచేత మూయించు వ్యవస్థకు గుజరాతున "మహాజన్" అని పేరు. ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క మహాజనము. ధరలు, సెలవుదినములు, తగవులు, కట్టుబాటు తప్పినవారికి దండుగలు దాని చేతిలోనివి. నగరమంతటికి పెద్దగా నగర్‌శేఠ్ ఉండెడివాడు.

ఇదే మాట తెలుగు, కన్నడ శాసనములలో అగ్రహార బ్రాహ్మణుల సభకు చెల్లుచున్నది. వంగదేశమున వడ్డీవ్యాపారికి చెల్లినది. నేటి తెలుగున "మహాజనులారా" యని సభలో పిలుచునపుడు అది జనసామాన్యము. గుజరాతీ మహాజనమునకు మన శాసనములలో సరియగు మాట "నకరము". అది వర్తక సంఘమునకు పేరు. అనువాదకులు మహాజన్ పదమును చూచి "జనులు" అని వ్రాసినచో నిర్ణయము చేసిన సంఘమే వాక్యమునుండి మాయమగును.

ఈ సంఘబలము పన్నుల కాలమునకు ముందే కనబడుచున్నది. 1669లో ఖాజీ మతనిర్బంధమునకు నిరసనగా సూరతు బనియాలు సుమారు 8,000 మంది అంగళ్ళు మూసి, నగరమును విడిచి భరూచికి తరలిరి. మహాజనము అనుజ్ఞ లేనిదే అంగడి తెఱవరాదని కట్టుబాటు. బజారులు మూతబడుటచే ఊరివారు మిక్కిలి ఇక్కట్లు పడిరని నాటి ఆంగ్ల వర్తకుల లేఖలవలన తెలియుచున్నది. ఈ రెండవ అంశమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

3. ఉప్పు, తూనిక: 1844, 1848

1800లో సూరతు పాలన పూర్తిగ కుంపిణీవారి వశమాయెను. వర్తకము క్రమముగ బొంబాయికి తరలుచుండెను. 1837లో గొప్ప అగ్నిప్రమాదమును, అదే యేట తాపీనది వఱదయు నగరమును క్రుంగదీసినవి. ఇట్టి స్థితిలో 1844లో ఉప్పు సుంకము మణుగునకు 8 అణాలనుండి రూపాయికి, అనగా రెట్టింపునకు, పెంచబడెను. ఆ సంవత్సరమే బొంబాయి రాజధానిలో పట్టణ సుంకములును, వృత్తులమీది మొహతర్ఫా పన్నులును తీసివేయబడినవి. ఆ లోటును ఉప్పుతో పూడ్చుకొనవలెనని ప్రభుత్వ మెంచినది.

ఇచ్చట ఆలోచింపదగిన విషయమున్నది. తీసివేయబడిన పన్నులు వర్తకుల పైవి. వారికి లాభమే కలిగినది. అయినను ఆగస్టు చివర సూరతు వీథులు జనముతో నిండినవి, అంగళ్ళు మూతబడినవి, అల్లరియు జరిగినది. వర్తకుడు తనకు మేలు చేసిన మార్పునకు ఏల అడ్డుపడెను? ఉప్పు కొననివాడు ఊరిలో లేడు. అంగడికి వచ్చు ప్రతి మనిషియు అంగడివానినే అడుగును. వృత్తిపన్ను విషయమున మహాజనము అధికారులతో మాటలాడి సర్దుకొనగలదు. ఉప్పు ధర విషయమున అట్టి సర్దుబాటునకు తావు లేదు. ఈ కారణములవలన అంగడివాడును కొనువాడును ఒక్క పక్షమైరని నా అభిప్రాయము. తుదకు ప్రభుత్వము సుంకమును 12 అణాలకు తగ్గించినది. ఇది గెలుపే; కాని పూర్వపు 8 అణాలపై సగము పెంపు నిలిచియే యుండెను.

1848లో బంగాళా తూనికలను, కొలతలను సూరతులో ప్రవేశపెట్ట నెంచిరి. ఇది పన్ను కాదు గదా యని తోచవచ్చును. కాని మణుగు అను మాట అన్నిచోట్ల ఒక్క బరువు కాదు. మన మద్రాసు రాజధానిలో మణుగనగా 8 వీశలు, సుమారు 25 పౌనులు. బంగాళా మణుగు 82 పౌనులకు పైబడినది. తూనిక మాఱినపుడు ధర మాఱలేదని నమ్ముట చిన్న మొత్తములలో కొనువానికి కష్టము. సూరతు మరల అంగళ్ళు మూసినది. పలుదినములు సాగిన ఈ మూత పిమ్మట ప్రభుత్వము ఆ ప్రయత్నమును విరమించుకొనెను. ఈ మాఱు గెలుపు సంపూర్ణము.

4. కఱవు నిధి, లైసెన్సు పన్ను: 1878

1857 తిరుగుబాటు వ్యయములను పూడ్చుకొనుటకై 1860లో జేమ్సు విల్సను ఆదాయపు పన్ను తెచ్చినపుడును సూరతు నిరసించినది. 1878లో వచ్చిన లైసెన్సు పన్ను తెలుగువారికి మఱింత సన్నిహితము. 1876లో ధాత నామ సంవత్సరమున రాయలసీమను మ్రింగిన కఱవును మనవారు నేటికిని "ధాత కరువు" అందురు. ఆ మహాక్షామము దక్షిణాపథమునెల్ల పాడుచేసిన పిమ్మట, మున్ముందు రానున్న కఱవుల వ్యయమునకై ఏటేట ఒకటిన్నర కోటి రూపాయలు సమకూర్చవలెనని హిందూదేశ ప్రభుత్వము సంకల్పించినది. దానికై వర్తకులపైన, వృత్తులవారిపైన విధించినదే ఈ పన్ను. బళ్ళారి, కర్నూలు, కడప మండలముల ఆకలికి సూరతు దుకాణదారుడు లెక్క చెల్లింపవలసి వచ్చినది.

ఆ ఏప్రిలులో సూరతు అంగళ్ళు ఐదు దినములు మూతబడినవి. జనమునకును పోలీసులకును సంఘర్షణ జరిగి కాల్పులు జరిగినవి. పట్టుబడినవారి పక్షమున ఫిరోజ్‌షా మెహతా వాదించిరి. ఆ వ్యాజ్యెమునకు నిలిచిన పేరు "సూరతు అల్లరుల కేసు". ఐదు దినములలో ఏ కొన్ని గడియలో జరిగిన ఘర్షణము పేరైనది. మిగిలిన కాలమంతయు వేలకొలది చేతులు తాళములు వేసి ఊరకుండుట పేరులో లేదు. దేశభాషా పత్రికల నోరు నొక్కు చట్టము ఆ మార్చిలోనే వచ్చినదని స్మరించినచో, ప్రజలు పెట్టిన పేరు అచ్చులో నిలుచుట ఎంత కష్టమో బోధపడును.

5. తాళము బరువు ఎవరిపైన?

హర్తాళును కొనియాడుటతో విచారము ముగియదు. అంగడి మూసిన వర్తకునకు ఇంట ధాన్యముండును. ఏ పూటకు ఆ పూట కొనువానికి మూసిన అంగడి పస్తు. 1669 సాక్ష్యము దీనినే చెప్పుచున్నది. తెఱచువానికి దండుగ యున్నచోట మూసినవారందఱును మనస్ఫూర్తిగ మూసిరని చెప్పజాలము. పన్నుచేత బాధపడువాడును, నిరసనచేత బాధపడువాడును పెక్కుసారులు ఒక్కడే.

1928లో సూరతు జిల్లాలోని బారడోలీ రైతులు 22 శాతము పెంచిన శిస్తును కట్టక, వల్లభ్‌భాయి పటేలు నాయకత్వమున పోరాడి, విచారణానంతరము ఆ పెంపును సుమారు 6 శాతమునకు దింపించిరి. అది రైతు చేసిన నిరాకరణము. భూమికి తాళము లేదు. నగరపు పద్ధతి మరల 2017 జూలైలో కనబడినది. వస్తుసేవల పన్ను బట్టలపై 5 శాతముగ పడినపుడు సూరతు బట్టల వర్తకులు రెండు వారములకు పైగా బజారులు మూసిరి, వేలకొలదిగ ఊరేగిరి. ఆ నగరపు మరమగ్గముల యొద్ద ఒడిశావారితో పాటు తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలును పనిచేయుచున్నారు. బజారు మూతబడినచో బట్ట కదలదు. బట్ట కదలనిచో మగ్గము నిలుచును. మగ్గము నిలిచినచో మీటరు లెక్కను కూలి పొందువానికి కూలి లేదు. వర్తకుని హర్తాళు నేతగానికి అతడు కోరని సెలవు.

6. తెలుగు నాట సాటి

1919లో చీరాల, పేరాలలను పురపాలక సంఘముగ చేసినపుడు పన్నుల భారము పలురెట్లు పెరిగినది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున 1921లో ప్రజలు పన్ను కట్టుటకు గాని, పోట్లాడుటకు గాని పూనుకొనక ఊరినే విడిచి, వెలుపల రామనగరమున పాకలు వేసికొని సుమారు పదునొకండు మాసములు నివసించిరి. ఇది 1669 నాటి సూరతువారి మార్గమే. ఒకరిని చూచి ఒకరు చేసిరనుటకు ఆధారము లేదు. చీరాలలో ఎక్కువమంది నేతపనివారు, కూలివారు. మూయుటకు అంగడి లేనివారు. అందుచే తాళము వేయుట వారికి చాలినది కాదు, ఇల్లు విడువవలసివచ్చినది.

7. ఉపసంహారము

పై పరిశీలనమునుండి రెండు విషయములు తేలుచున్నవి. "అల్లరి" యను పేరు సంఘటనలోని అల్పభాగమును పట్టుకొని సంఘనిర్ణయమును, నిగ్రహమును మఱుగుపఱచును. "హర్తాళు" అను పేరు ఆ నిర్ణయమును చూపును గాని, మూసిన తలుపునకు వెలుపల నిలిచినవానిని చూపదు. కావున నిఘంటుకారులు హర్తాళునకు "సమ్మె" యని ఒక్కమాటతో అర్థము వ్రాయక, "నిరసనార్థము సంఘనిర్ణయముచే అంగళ్ళు మూయుట" అని వివరించుట యుక్తము. చరిత్రకారులు ఆ మాటను వాడునపుడు, తాళము ఎవరు వేసిరి, ఎవరికై వేసిరి, ఆ దినము ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదు అను మూడు ప్రశ్నలను తప్పక వేసికొనవలెను. ఇతర భారతీయ భాషలలో ఈ పదపు రూపములను, అర్థభేదములను ఆయా భాషల పండితులు సేకరించినచో ఈ విచారము సమగ్రమగును.