జుట్టు నాటించుకోవాలా, ఆగాలా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. సింగరేణిలో బాయి పని. హెల్మెట్ వల్లే జుట్టు రాలుతోందా? పెళ్లిచూపుల్లోపు హైదరాబాద్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమంటున్నారు.
– ఒక పాఠకుడు, బెల్లంపల్లి

జవాబు: హెల్మెట్‌తో బట్టతల రాదు. మగవాళ్లలో ఇది ఎక్కువగా వంశపారంపర్యం, హార్మోన్ల ప్రభావం. మీ వయసులో రాలడం ఇంకా ఆగి ఉండదు. ఇప్పుడే ముందుభాగంలో నాటిస్తే, రేపు దాని వెనక ఖాళీ పడొచ్చు. తల వెనక నుంచి తీసే కుదుళ్లు అప్పటికి సరిపోకపోవచ్చు, తీసినచోట అవి మళ్లీ మొలవవు. ముందు చర్మవైద్యుణ్ని కలవండి. ఆయన సలహాతో ఏడాదిపాటు మినాక్సిడిల్ లాంటి మందు వాడి చూడండి.

అయినా చేయించుకోవాలనుకుంటే, చేసేది సర్జనా, టెక్నీషియనా అని మొహమాటం లేకుండా అడగండి. నాటిన వెంట్రుకలు మొదటి కొద్ది వారాల్లో రాలిపోతాయి. కంగారుపడకండి, కుదుళ్లు లోపలే ఉంటాయి. మూడు నాలుగు నెలలకు సన్నగా మొలుస్తాయి, నిండుదనానికి ఏడాది పడుతుంది. పెళ్లిచూపులకు అందదు. అమ్మాయికి ఉన్నదున్నట్టే కనిపించండి, నా మాట వినండి.

క్యాప్‌ల్యాంపు బిగించిన హెల్మెట్ ఒరిపిడి, చెమట, బొగ్గుదుమ్ము కొత్త కుదుళ్లకు మంచివి కావు. సర్జన్ సరేననే దాకా, కనీసం రెండు మూడు వారాలు, బాయిలోకి దిగొద్దు. హెల్మెట్ తీసి దిగడమైతే అసలే వద్దు. అన్ని సెలవులు ఉన్నాయో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.