వెళ్ళేటప్పుడు 8 గంటలు, వచ్చేటప్పుడు 7 గంటలు! ఎందుకని?

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి దూరం సుమారు 5,540 కి.మీ. విమానం వెళ్ళడానికి దాదాపు 8 గంటలు, తిరిగి రావడానికి 7 గంటలే పడుతుంది. దూరం ఒకటే కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

సుమారు 10 కి.మీ. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. వెళ్ళేటప్పుడు ఇది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. ఏట్లో వాలుకు పోయే పడవకీ, ఎదురెక్కే పడవకీ ఉన్న తేడాలాంటిదే. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లోనే లండన్ చేరింది!

ఇప్పుడు లెక్క చేయండి: న్యూయార్క్ టైము లండన్ కంటే 5 గంటలు వెనక. లండన్‌లో ఉదయం 10కి బయల్దేరి 8 గంటలు ప్రయాణిస్తే, దిగేసరికి అక్కడ టైమెంత?

జవాబు: మధ్యాహ్నం 1 గంట. గడియారాలు చూసి 3 గంటల ప్రయాణం అనుకోకండి!