ఆల్ప్సు మంచుపై ఒక వారము

"మంచు కురియుచున్నది" యని మన ప్రాంతమున నెవరైన ననినచో, తెల్లవారుజామున ఆకులపై నిలుచు నీటిబొట్లో, దారి కనబడకుండ కమ్ముకొను తెల్లని పొగయో మనకు తలపునకు వచ్చును. హైదరాబాదులోని తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలోనికి ఉదయపు నడకకు పోవువారు పుష్యమాసమున చెవులకు మఫ్లర్లు చుట్టుకొని, "అబ్బా, ఏమి చలి!" యని వణకుచుందురు. అప్పుడు ఉష్ణమాపకమును చూచినచో సాధారణముగా 12 మొదలు 15 డిగ్రీల వరకు నుండును. ఆకాశమునుండి దూదిపింజలవలె రాలి, మోకాలిలోతున పేరుకొని, నెలల తరబడి కరగక నిలుచు మంచు వేరు. తెలుగులో రెండింటికిని ఒక్కటే మాట వాడుటచే నీ భేదము మరుగుపడుచున్నది. ఈ పాఠమున చెప్పబోవునది ఆ రెండవ మంచును గూర్చి, దానిపై జారుచు ఆడు ఆటను గూర్చి.

ఐరోపా ఖండమున ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ, ఆస్ట్రియా మొదలగు దేశములలో దాదాపు 1,200 కిలోమీటర్ల పొడవున వ్యాపించిన పర్వతశ్రేణికి ఆల్ప్సు అని పేరు. పూర్వము వేసవిలో మాత్రమే యాత్రికులు అచ్చటికి పోయెడివారు. 1864 సంవత్సరమున సెయింట్ మోరిట్జ్ అను గ్రామములోని హోటలు యజమాని యోహానెస్ బాడ్రుట్ తన ఇంగ్లీషు అతిథులతో పందెము వేసి, "శీతకాలమున వచ్చి చూడుడు, మీకు నచ్చనిచో ప్రయాణపు ఖర్చులు నేనే యిత్తును" అనెనని చెప్పుదురు. అతిథులు వచ్చిరి, సంతోషించిరి. ఆ పందెము కథ ఎట్లున్నను, నేడు లక్షలకొలది జనులు శీతకాలపు సెలవులను అచ్చట గడుపుచున్నారు.

ఆటకు కావలసినవి స్కీలు అనబడు రెండు పొడవైన బద్దలు. వీని పుట్టినిల్లు ఉత్తరదేశములు. చీల్చిన కొయ్య అను నర్థముగల ప్రాచీన నార్వే భాషాపదమునుండి యీ పేరు వచ్చినది. మనిషి బరువంతయు రెండు పాదములపై మోపినచో మంచులో కాలు దిగబడును. అదే బరువు పొడవైన బద్దపై పరచుకొన్నచో దిగబడదు. ముందుభాగము పైకి వంగియుండుటచే మంచులో గ్రుచ్చుకొనదు. నేడు బూట్లను స్కీలకు బిగించు పట్లు, పడినప్పుడు వానియంతట విడిపోవునట్లు అమర్చబడినవి. లేనిచో ఎముకలు విరుగును.

షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన ఆర్థర్ కానన్ డాయిలు ఈ ఆట నాడిన తొలి ఆంగ్లేయులలో నొకడు. వ్యాధిగ్రస్తయైన భార్యతో ఆతడు దావోసు గ్రామమున నుండెను. 1894 మార్చి నెలలో బ్రాంగర్ అను నిరువురు సోదరులతో గూడి కనుమ దాటి ఆరోసా గ్రామమునకు స్కీలపై పోయెను. ఒక నిటారు వాలుపై ఆతని స్కీలు జారిపోగా, ఆ మహారచయిత కూర్చుండి జారుచు దిగెను. ఎన్నటికి చినగదని దర్జీ చెప్పిన గుడ్డతో కుట్టిన ఆతని లాగు ఆ దినమున చినిగినదట! ఆరోసాలోని హోటలు పుస్తకమున బ్రాంగర్ ఆతని వృత్తిని రచయిత యని గాక, క్రీడాకారుడని వ్రాసెను. డాయిలు దానికి మురిసిపోయెను.

విశ్వవిద్యాలయమున చదివి జర్మనీలో ఉద్యోగములు చేయుచున్న నలుగురు మిత్రులు కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వారము ఆల్ప్సునకు పోయి వచ్చిరి. వారిలో నొకడు నా పూర్వశిష్యుడు. సెలవులకు తార్నాక వచ్చినప్పుడు, ఆర్ట్సు కాలేజీ ముందరి దారిలో నడచుచు ఆతడు నాకు చెప్పిన సంగతులే యిక్కడ వ్రాయుచున్నాను.

మొదటి దినమున గురువు వారికి నేర్పినది జారుట కాదు, పడుట. ప్రక్కకు ఒరిగి పడవలెను; వెనుకకు పడరాదు; లేచునప్పుడు స్కీలను వాలునకు అడ్డముగా నుంచవలెను. అటుపిమ్మట ఆగుట. స్కీల ముక్కులు రెండును దగ్గరకు, వెనుక కొనలు ఎడముగా నుంచినచో లోపలి అంచులు మంచును ఒరసికొని వేగము తగ్గును. జర్మను భాషలో దీనికి నాగలి యని పేరు. "సార్, మా తాతగారు దున్నుచుండగా చూచినవాడను, కాని ఆ నాగలి నా కాళ్లకు రాలేదు" అని ఆతడు నవ్వెను. అయిదేండ్ల పిల్లలు పిట్టలవలె ప్రక్కనుండి దూసుకొనిపోవుచుండగా, నలుగురు ఇంజనీర్లు మధ్యాహ్నము వరకు మంచులో బొర్లిరి. మూడవ దినమునకు నీలపు గుర్తుగల సులభమైన వాలున దిగగలిగిరి. అచ్చట ఎఱుపు గుర్తు కొంత కఠినము, నలుపు మిక్కిలి కఠినము. రాత్రులలో బసలో ఉప్మా వండుకొని, ఇంటినుండి తెచ్చుకొన్న అల్లపు పచ్చడితో తినుచుండిరట. ఎండ విషయమున మాత్రము వారు ఏమరిరి. మంచు వెలుగును తిప్పికొట్టుటచే, చలిలోనే ముఖములు కమిలినవి. నల్లని అద్దములు లేనివారికి కన్నులు మండి చూపు చెదరుట కూడ కలదు.

అయిదవ దినమున అసలు సంగతి జరిగినది. రాత్రి గాలితో కూడి క్రొత్త మంచు కురిసెను. గుర్తులు పాతిన వాలులను దాటి, ఎవరును త్రొక్కని తెల్లని మంచుపై దిగవలెనని వారిలో నొకడు పట్టుబట్టెను. ఆ ఉదయమున గోడపై అంటించిన ప్రకటనలో ప్రమాదపు అంకె మూడు.

ఈ అంకెను గూర్చి కొంత చెప్పవలసియున్నది. కొండవాలున పొరలుపొరలుగా పేరుకొన్న మంచులో ఒక పొర బలహీనమైనప్పుడు, దానిపైనున్నదంతయు ఒక్కపెట్టున విరిగి క్రిందికి దొర్లును. దీనిని మంచుచరియ యందురు. 30 డిగ్రీలకు మించిన వాలులలో ఇది మిక్కిలి భయంకరము. ఆల్ప్సులో ఏటేట సుమారు నూరుమంది యిట్లు మరణించుచున్నారు. చరియ తనంతట వచ్చి మీద పడునని మన మూహింతుము. కాని చనిపోయినవారిలో పెక్కుమంది విషయమున ఆ మంచును కదలించినది వారో, వారి తోడివారో. స్విట్జర్లాండులో 1945 మొదలుకొని శాస్త్రజ్ఞులు హెచ్చరికలు ప్రకటించుచున్నారు. 1993 నుండి ఐరోపా దేశములలో ఒకటి మొదలు అయిదు వరకు ఒకే కొలత అమలులోనున్నది.

"అరే, అయిదింట మూడే గదా! సగమునకు కొంచెము పైన. భయమెందుకు?" అని ఆ మిత్రుడు వాదించెను. విద్యార్థులారా, మీరును అట్లే లెక్క వేయుదురు. గురువు వారికి వేరు లెక్క చెప్పెను. ఆ అంకె మార్కుల వంటిది కాదు. ఒక్కొక్క మెట్టునకు ప్రమాదము అనేక రెట్లు పెరుగును. నాలుగు, అయిదు అన్న దినములలో జనులు ఇల్లు కదలరు. మూడు అన్న దినమున ఆకాశము నిర్మలముగా నుండును, మంచు క్రొత్తగా నుండును, ధైర్యము కలుగును. అందుచేత మరణములలో పెద్దభాగము మూడు అన్న దినములలోనే సంభవించుచున్నది. మంచులో కప్పబడినవాడు మొదటి పది నిమిషములలో బయటికి తీయబడినచో బ్రదుకుటకు అవకాశము మెండు. అరగంట గడచినచో చాల తక్కువ. ఊరినుండి సహాయము వచ్చు వరకు ఆ సమయము నిలువదు. తోడివారే త్రవ్వవలెను. పూడినవాని జాడ తెలుపు రేడియో పరికరము, పొడుచు కడ్డీ, పార ప్రతివానికడ నుండవలెను. ఆ నలుగురికడ ఒక్క పారయు లేదు.

వారు వెనుదిరిగిరి. ఆ దినమున ఆ వాలుపై మంచు కదలలేదు. ఆ మిత్రుడు రెండు దినములు ముభావముగా నుండెననియు, నేటికిని తన మాటయే నిజమైనదని అనుచుండుననియు నా శిష్యుడు చెప్పెను. స్నేహితుని యలుకకు వెఱచి కొండ యెక్కినవారు లేకపోలేదు.

స్కీ విద్యకు ఆస్ట్రియాలో గురువుగా ప్రసిద్ధి చెందిన మథియాస్ జ్డార్‌స్కీ యంతటివానికి కూడ మంచు మినహాయింపు నీయలేదు. 1916 సంవత్సరమున, యుద్ధకాలములో, చరియ క్రింద బడిన సైనికులను రక్షింప బోయి ఆతడే మరియొక చరియలో చిక్కుకొనెను. శరీరమున సుమారు ఎనుబది చోట్ల ఎముకలు విరిగెను, కీళ్లు తొలగెను. ఆతడు బ్రదికి, చాలకాలమునకు మరల స్కీలు తొడిగి, 1940 వరకు జీవించెను.

మంచుపై జారుటకు అంత దూరము పోనక్కరలేదు. కాశ్మీరమున గుల్మార్గు, ఉత్తరాఖండమున ఔలీ ఈ ఆటకు ప్రసిద్ధములు. కొండలపై అడుగు కుదురుటకైనచో తార్నాకనుండి ఉప్పల్ మీదుగా వరంగల్లు దారిని పోవగా భువనగిరి బండ యున్నది. గురుకుల పాఠశాలల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ తొలి అభ్యాసము చేసినది ఆ బండపైననే. 2014 మే 25వ తేదీన వారిరువురును ఎవరెస్టు శిఖరము నెక్కిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగు సంవత్సరములు ఇంకను నిండలేదు.