నల్లరేగడి దావలో బ్యాటరీ సైకిల్‌కు ఏ మడ్గార్డు?

ప్రొద్దుటూరు



వానలు మొదలైనప్పటి నుంచి బ్యాటరీ సైకిళ్ల వాళ్లు మడ్గార్డుల కోసం మీ అంగడికి వస్తున్నారనీ, ఎవరికి ఏది బిగించాలో తెలియడం లేదనీ అడిగినావు. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావని రాస్తున్నా. ఒక మాట ముందే పెట్టుకో: మడ్గార్డు అడిగిన మనిషిని మొదట అడగాల్సింది, ఏ దావలో తిరుగుతావు, ఆ నేల ఎలాంటిది అని. రేటు మాట ఆ తర్వాత.

కొత్త సైకిళ్లలో చాలావాటికి మడ్గార్డే ఉండదు. ఉన్నా సీటు కింద అరచేయంత ప్లాస్టిక్ ముక్క. అది ఫోటోకు తప్ప ఎందుకూ పనికిరాదు. మామూలు సైకిల్ గంటకు పన్నెండు, పన్నెండున్నర కిలోమీటర్లు పోతుంది. బ్యాటరీ సైకిల్ మోటరు సాయంతో 25 పోతుంది. మన దేశంలో 250 వాట్ల లోపు మోటరు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు కాబట్టి కంపెనీలు అక్కడే ఆపుతాయి. చక్రం ఎంత వేగంతో తిరుగుతుందో టైరు మీది నీటి చుక్క అంతే వేగంతో లేస్తుంది. వేగం రెట్టింపైతే అది ఎగిరే ఎత్తు నాలుగింతలు. గాలి అడ్డు లెక్కలో తీసుకోకుంటే పాత సైకిల్ మీద రెండడుగులు లేచే చుక్క, దీని మీద ఎనిమిది అడుగుల దాకా పోగలదు. అందుకే వీళ్ల చొక్కా వీపంతా బురద చారలు.

చొక్కా ఉతుక్కుంటారు. నువ్వు చూడాల్సింది ముందు చక్రం. అది చిమ్మే నీళ్లు నేరుగా ఫ్రేము కింది పైపుకు కొడతాయి. బ్యాటరీ, చార్జింగ్ రంధ్రం చాలా బండ్లకు అక్కడే ఉంటాయి. కాస్త కిందికి పోతే పెడల్ దగ్గర సెన్సరు. వచ్చినవాళ్లందరూ వెనకది అడుగుతారు, నువ్వు ముందుది అమ్ము. దాని కొసకు ఒక రబ్బరు ముక్క వేలాడదీయి. పాత లారీ ట్యూబు కోసి, పైన రెండు రంధ్రాలు పొడిచి, వాషర్లు వేసి బోల్టు బిగిస్తే చాలు. కొస నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. మరీ కిందికి ఉంటే గుంతలో తగిలి చినుగుతుంది, పైకి ఉంటే నీళ్లు దాని కింద నుంచే పోతాయి.

కొలత చెప్తా. టైరు పక్కన 27.5 x 2.10 అని అచ్చు ఉంటుంది. మొదటిది చక్రం, రెండోది టైరు వెడల్పు, అంగుళాల్లో. 2.10 అంటే 53 మిల్లీమీటర్లు. మడ్గార్డు దానికన్నా కనీసం పది మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు ఉండాలి. ఇది సులువే. కష్టమంతా టైరుకూ మడ్గార్డుకూ నడుమ సందు దగ్గర వస్తుంది.

తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకు వేలెడు సందు చాలు. ప్రొద్దుటూరు బజార్లకు వచ్చిపోయే వాళ్లు, కాలేజీ పిల్లలు, ఉద్యోగస్తులు వీళ్లంతా అంతే. పులివెందుల చుట్టూ ఎర్రనేల, గరుసు ఉన్న ఊళ్లలోనూ పెద్ద ఇబ్బంది లేదు, వాన వెలిస్తే పూటలో దావ ఆరుతుంది. జమ్మలమడుగు దాటి పెద్దముడియం, మైలవరం వైపు పోయే మనిషి వస్తే మాత్రం ఆగు. అక్కడ అక్టోబరు వానలకు పదునైన నల్లరేగడిలో శనగ విత్తే కాలమూ, జనం చేలకు తిరిగే కాలమూ ఒకటే. ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, టైరుకు పట్టుకుంటే వదలదు. చక్రం తిరిగినకొద్దీ పొర మీద పొర చేరి, ఫోర్కు మెడ దగ్గర, వెనక మడ్గార్డు బోల్టు దగ్గర కూరుకుపోతుంది. పాత హెర్క్యులిస్, అట్లాస్ సైకిల్ అయితే కాళ్లకు బరువు తెలిసి మనిషి దిగి పుల్లతో గీక్కునేవాడు. ఇక్కడ బరువు మోటరు మోస్తుంది, మనిషికి తెలియదు. చక్రం బిగుసుకున్నా కరెంటు పోతూనే ఉంటుంది, తీగచుట్టలూ కంట్రోలరూ కాగుతాయి. అలా కాలిన మోటరు వాసన ఒక్కసారి పీలిస్తే మళ్లీ మరవవు, అబ్బీ. అలాంటివాళ్లకు అంగుళం సందుండే పొట్టి మడ్గార్డు, చేత్తో ఊడదీసేది ఇయ్యి. ఫ్రేములో అంత సందు లేకుంటే వెనకది అమ్మనే వద్దు. ఈ బేరం పోతే పోనీ.

యర్రగుంట్ల దావలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురద ఇంకో రకం. తడిగా ఉన్నప్పుడు పాలలా జారుతుంది, ఆరితే గట్టిగా పట్టుకుంటుంది, చైనును అరగదీస్తుంది. వాళ్లకు పొడుగు మడ్గార్డే, తోడు చైన్ కవర్.

బిగించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. వెనక చక్రంలో మోటరు ఉంటే మడ్గార్డు కమ్మిని ఇరుసు నట్టు కింద పెట్టొద్దు. ఆ ఇరుసు తిరగకుండా పట్టేది అక్కడి వాషర్లు, నట్టు బిగువే. నడుమ ఇంకో రేకు దూరితే నట్టు వదులై ఇరుసు తిరుగుతుంది, పక్క నుంచి వచ్చే వైరు మెలిపడి తెగుతుంది. ఫ్రేముకు వేరే రంధ్రముంటే దానికి, లేకుంటే పైపుకు రబ్బరు వేసి క్లిప్పుతో బిగించు. ముందు కమ్మికి గుంజితే ఊడొచ్చే ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న రకమే తెప్పించు. సర్కారు కంప కొమ్మో పత్తి కట్టో చక్రంలో ఇరుక్కుని మడ్గార్డును లోపలికి లాగితే, గట్టి కమ్మి చక్రాన్ని ఆపేస్తుంది, మనిషి ముందుకు పడతాడు. క్లిప్పు ఊడితే మడ్గార్డు ఒక్కటే పోతుంది.

ఇనుమా, ప్లాస్టిక్కా అంటే ప్లాస్టిక్కే, కానీ వంచి చూసి కొను. చవకది మన ఎండలకు రెండో వేసవికే పెళుసవుతుంది.

చివరగా, మోటరు మీద ఐపీ 67 అని రాసి ఉంటే కొందరు నీళ్లలో దించొచ్చు అనుకుంటారు. ఆ 7 అంటే మీటరు లోతు నిలకడ నీళ్లలో అరగంట తట్టుకుందని, అదీ కొత్తగా ఉన్నప్పుడు చేసిన పరీక్షలో. ఐపీ 54 అయితే చిమ్మే నీళ్ల వరకే. పారే వంక ఆ పరీక్షలో లేదు. 2021 నవంబరు వానలకు కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలిపోయింది. వంక పారుతుంటే దిగొద్దని మడ్గార్డు కొన్న ప్రతి మనిషికీ బిల్లుతో పాటే చెప్పు. నువ్వూ దిగొద్దు.

ఇట్లు,
మీ మామ