విద్యార్థుల విహారయాత్ర : ముందుగా కట్టవలసిన లెక్క

పాఠశాల పిల్లలను విహారయాత్రకు తీసుకొని వెళ్లవలెనని తీర్మానమైన వెంటనే అందరును బస్సు సంగతి మాట్లాడుదురు. నిజమునకు మొదట చూడవలసినది సూర్యాస్తమయ వేళ. పొద్దు గ్రుంకకముందే భోజనము ముగించు మన కుటుంబములు యాత్ర లెక్కను సాయంకాలము నుండి వెనుకకు కట్టవలెను.

బెంగుళూరు నుండి శ్రవణబెళగొళ యాత్రనే తీసుకొందము. దూరము సుమారు 145 కిలోమీటర్లు. పిల్లలతో బస్సులో మూడు గంటలకు పైగా పట్టును. డిసెంబరులో ఆరు గంటల ప్రాంతమునకే పొద్దు గ్రుంకును. కావున మధ్యాహ్నము రెండు గంటలకు తిరుగు ప్రయాణము పెట్టుకొని, పట్టణపు రద్దీలో చిక్కుకొనకముందే ఐదు గంటలకు దారిలో ఆగి పిల్లలకు ఆహారము పెట్టవలెను. ఉదయము ఐదు గంటలకు బయలుదేరిననే ఇది సాగును.

వింధ్యగిరికి రాతిలో తొలిచిన మెట్లు 600కు పైగా కలవు. చెప్పులు క్రిందనే విడువవలెను. ఎండ ముదిరిన రాయి అరికాళ్లను కాల్చును గనుక తొమ్మిది గంటలకు ఎక్కి, పదకొండున్నర లోపల దిగవలెను. దళసరి మేజోళ్లు తెమ్మని ముందే చెప్పుట మంచిది. ముందు నడువవలసినది చురుకైన పెద్ద పిల్లవాడు కాదు, అందరికంటె మెల్లగా నడుచు చిన్నపిల్ల.

పైన సుమారు 57 అడుగుల బాహుబలి మూర్తి కలదు. గంగరాజుల మంత్రి చావుండరాయడు క్రీ.శ. 981 ప్రాంతమున చెక్కించినది. "చూడండి, ఎంత పెద్దదో" అని వదలివేసినచో పిల్లలు క్షణములో ఆటలో పడుదురు. గుంపునకొక ప్రశ్న ఇయ్యవలెను. కాళ్లకు చుట్టుకొన్న తీగ ఎంతవరకు ప్రాకినది? పాదముల వద్ద శాసనములు ఏయే భాషలవి? కన్నడము, తమిళము, మరాఠీ అని వారే కనుగొన్నచో మరువరు. అదే దినమున బేలూరు, హళేబీడు కూడ చుట్టవలెనని పెద్దలు ఆశపడుదురు. అట్లు చేసిన పిల్లలకు బస్సు కిటికీ తప్ప మరేమియు మిగులదు.

పదిమందికొక పెద్ద ఉండవలెను. బస్సు ఎక్కునపుడు, మెట్ల మొదట, కొండపైన, దిగిన పిమ్మట, మరల బస్సులో, పేరు పిలిచి లెక్కించవలెను. నగదు సరిచూడక దుకాణము మూయని వర్తకుడు పిల్లల లెక్కను కనుచూపుతో సరిపెట్టరాదు. తల్లిదండ్రుల అంగీకారపత్రము, మందుల సంచి, కాచి వడగట్టిన నీరు ఎట్లును ఉండవలసినవే.

ఇక డబ్బు సంగతి. యాత్రకు ముందుదినము జ్వరమని చెప్పి మానివేయు పిల్లవాడు ప్రతి పాఠశాలలోను ఉండును. ఆ జ్వరము తరచుగా తండ్రి జేబుది. చందా ఇచ్చిన వారి పేర్లు తరగతిలో చదువరాదు, బోర్డుపై వ్రాయరాదు. సంఘపు కోశాధికారి ఒక్కడే ఇంటింటికి వెళ్లి తీసుకొనవలెను. ఇయ్యలేని ఇంటివారి భాగమును సంఘనిధి నుండి చెల్లించి, చిట్టాలో "యాత్ర ఖర్చు" అని మాత్రమే వ్రాయవలెను. పులిహోర పొట్లములు కూడ అందరికిని ఒకే కొలతతో ఒకేచోట కట్టించవలెను. ఇంటినుండి తెచ్చుకొన్న డబ్బాలు తెరచినచో, దాచిన సంగతి అక్కడ బయటపడును.