పిల్లల చేతిలో ఫోను – పెద్దలు తెలుసుకోవలసిన సంగతులు

పేద విద్యార్థులకు ఫీజులతో పాటు ఫోన్లు, ట్యాబ్‌లు కూడా ఇప్పించే దాతలు మనలో ఉన్నారు. చదువుకు అవి అవసరమే. అయితే ఆ ఫోనులోకి ఎవరెవరు వస్తున్నారో కూడా మనం తెలుసుకోవాలి.

వచ్చేవాడు చెడ్డవాడిలా రాడు. ఫ్రీ ఫైర్ వంటి ఆటలో జట్టు కడతాడు, డైమండ్లు కొనిపెడతాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే తోటి వయసు అమ్మాయిగానో, అబ్బాయిగానో పరిచయమవుతాడు. అమ్మీ తిట్టిందంటే ఓదారుస్తాడు. కొన్నాళ్లకు “టెలిగ్రామ్‌లోకి రా, ఇంట్లో చెప్పకు” అంటాడు. ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే. తర్వాత ఒక ఫోటో అడుగుతాడు. అది చిక్కాక ఇంకా ఫోటోలు పంపమనో, డబ్బు పంపమనో, లేకపోతే మీ అబ్బాకు చూపిస్తాననో బెదిరిస్తాడు. ఇది ఆడపిల్లల సమస్య మాత్రమే అనుకోవద్దు. డబ్బు కోసం బెదిరించేవాళ్లు ఎక్కువగా మగపిల్లల్నే పట్టుకుంటారు.

ఈ బెదిరింపు ఎందుకు పనిచేస్తుంది? పిల్లలకు వాడికంటే ఇంట్లోవాళ్లంటేనే ఎక్కువ భయం కాబట్టి. చెబితే ఫోను లాక్కుంటారు, అమ్మాయైతే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు అనుకుంటారు. మన ఇళ్లలో ఆ భయం ఉత్తదేమీ కాదు. అందుకే “ఏం జరిగినా నాకు చెప్పు, నీ చదువు ఆగదు” అని ముందే మాట ఇవ్వాలి. ఫోనుకు ఎన్ని తాళాలు వేసినా ఈ మాటకు సాటిరావు.

రెండో అడ్డంకి పరువు. పెద్దలం నలుగురం కూర్చుని సర్దేద్దాం అంటుంటాం. 2012 నాటి పోక్సో చట్టం దీన్ని ఒప్పుకోదు. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలపాలి. తెలపకపోతే 6 నెలల వరకు జైలు. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది వరకు. హాస్టళ్లు, ట్యూషన్ కేంద్రాలు నడిపే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పరువు కోసం దాయాల్సిన పనీ లేదు: బిడ్డ పేరు, ఫోటో, ఊరు, బడి పత్రికల్లో రాకూడదని అదే చట్టం చెబుతోంది. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

బెదిరింపు వస్తే డబ్బు కట్టవద్దు. ఒకసారి కడితే మళ్లీ అడుగుతాడు. సంభాషణ చెరిపేయవద్దు, వాడి ఖాతా పేరు, నంబరు రాసుకుని, ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. బిడ్డ ఫోటోను సలహా కోసమని కూడా ఎవరికీ పంపవద్దు, అదీ నేరమే. ఫోటో బయటికి పాకకుండా ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫోటోను ఎవరికీ పంపాల్సిన పనిలేదు. దాని గుర్తు మాత్రమే వెళుతుంది.

పిల్లల సహాయానికి 1098, డబ్బు పోతే 1930. ఈసారి ఫోన్లు పంచేటప్పుడు ఈ రెండు నంబర్లను తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి పెట్టెలో ఉంచితే ఖర్చు పెద్దగా కాదు. ఫోను అందుకునే రోజున తల్లిదండ్రుల్ని కూడా పిలిచి, పైన చెప్పిన ఆ మాటను పిల్లల ఎదుటే చెప్పించవచ్చు.