డాక్టరుకు అసలు లెక్క చెప్పండి

ఆదివారం బావమరిది వస్తున్నాడు, సాయంత్రం గ్లాసులతో కూర్చోవాలి. ఫిట్స్ మాత్ర వాడే మనిషి ఆ పూట ఒక నిర్ణయానికొస్తాడు: "రెండూ కలిస్తే ప్రమాదమట, ఈ రాత్రికి మాత్ర మానేద్దాం." జాగ్రత్తపడ్డాననే అనుకుంటాడు. తీరా జరిగేదేమిటి? ఒంట్లో మాత్ర లేదు, నిద్ర చాల్లేదు, తెల్లారేసరికి తాగింది దిగిపోతుంటుంది. ఫిట్స్ రావడానికి ఈ మూడూ చాలు. ఎప్పుడో ఒకసారి తాగేవారైతే ఆ పూట మానాల్సింది గ్లాసు, మాత్ర కాదు.

రోజూ తాగేవారి సంగతి వేరు. అక్కడ మాత్ర పనితీరే మారిపోతుంది. ఎప్టాయిన్ పేరుతో మనవాళ్లకు బాగా తెలిసిన ఫెనిటోయిన్‌నే చూడండి. 1938 నుంచి ఫిట్స్‌కు వాడుతున్న పాత మాత్ర ఇది. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే చాలామందిలో సరిగ్గా పనిచేస్తుంది. దీన్ని విరిచి బయటికి పంపే పని కాలేయానిది. నెలల తరబడి రోజూ మద్యం పడుతుంటే కాలేయం తన ఎంజైములను పెంచుకుంటుంది. ఆ ఊపులో మాత్రనూ త్వరగా ఖర్చు చేసేస్తుంది. వేళకు వేసుకుంటున్నా రక్తంలో మోతాదు పడిపోతుంది. "మాత్రలు పనిచేయడం లేదు సార్" అని వచ్చేవారిలో ఈ బాపతు వాళ్లూ ఉంటారు.

ఒకే రాత్రి అతిగా తాగితే కథ తిరగబడుతుంది. కాలేయం మద్యం పనిలో పడి మాత్రను పక్కన పెడుతుంది, అది రక్తంలో పేరుకుంటుంది. కళ్లు తిరుగుతాయి, నడక తూలుతుంది. చూసినవాళ్లు మత్తనుకుంటారు, సగం మాత్ర పనే కావచ్చు. కాలేయం బాగా చెడిపోయాక కూడా ఇలాగే పేరుకుంటుంది. మిగతా ఫిట్స్ మాత్రల్లో వాల్‌ప్రోయేట్ అసలే కాలేయానికి భారం. ఫినోబార్బిటోన్, క్లోబజామ్ మద్యంతో కలిస్తే మగత ముదిరి ఊపిరి మందగిస్తుంది. లెవెటిరాసిటామ్ చాలావరకు మూత్రపిండాల ద్వారా పోతుంది కాబట్టి దాని మోతాదు అంతగా అటూ ఇటూ కాదు, కానీ మెదడు మీద మద్యం చేసే చేటు దాంతో తగ్గదు.

ఇదంతా చదివి "రేపట్నుంచి చుక్క ముట్టను" అని ఒట్టేసుకున్నారా? మీ పట్టుదలకు దండం పెడతాను, కానీ ఒక్క రోజు ఆగండి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారి మెదడు ఆ మత్తుకు ఎదురుగా తన్ని తాను ఉద్రేకంలో ఉంచుకోవడం నేర్చుకుంటుంది. మత్తు ఒక్కసారిగా తీసేస్తే ఆ ఉద్రేకమే మిగులుతుంది. చివరి గ్లాసు తర్వాత 6 గంటల నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు. వీటిని ఫెనిటోయిన్ ఆపలేదు. డాక్టరు పర్యవేక్షణలో లొరాజెపామ్, డయాజెపామ్ వంటివి ఇచ్చి, క్రమంగా తగ్గించుకుంటూ వస్తారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు హఠాత్తుగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం ఎలా వచ్చారో తెలంగాణ చూసింది. కల్తీ కల్లు అలవాటున్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అందులో కలిపే అల్ప్రాజోలం, డయాజెపామ్‌లను ఉన్నట్టుండి ఆపినా ఫిట్స్ వస్తాయి.

మానడం తప్పనిసరి. మానే పద్ధతి మాత్రం డాక్టరుతో కలిసి వేసుకోవాలి. అందుకు ముందు ఒక నిజం బయటపడాలి.

"అలవాట్లేమైనా ఉన్నాయా?" డాక్టరు అడుగుతాడు. "ఎప్పుడో పండక్కి సార్." పక్కనే నిలబడ్డ భార్య నేలచూపులు చూస్తుంది. రోజూ ఒక క్వార్టర్ అని ఆమెకు తెలుసు. ఆ ఒక్క జవాబు నమ్మి డాక్టరు మోతాదు పెంచుతాడు, లేదా మాత్ర మారుస్తాడు. సిగ్గు దాచుకోవడానికి చెప్పిన మాట చీటీ మీదికి ఎక్కి కూర్చుంటుంది. నా దృష్టిలో ధైర్యమంటే ఆ కుర్చీలో కూర్చుని "రోజూ 180 సార్, ఆదివారం రెట్టింపు, నిన్న రాత్రి తొమ్మిదింటికి చివరిసారి" అని చెప్పగలగడమే. ఎదురుగా చెప్పలేకపోతే కాగితం మీద రాసివ్వండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే మత్తు విముక్తికి 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితమే.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "తాగి పడిపోయాడులే" అని వదిలేయకండి. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తాళాలు చేతిలో పెట్టొద్దు, నోట్లో ఏదీ కుక్కొద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే రెండోసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఏ మాత్ర వాడుతున్నాడో, ఎంత తాగుతాడో, ఎప్పుడు మానేశాడో వచ్చినవారికి అక్కడే చెప్పేయండి.